మంచిదాని వెనక ముసలిది

మేడం పోయిన వారానికి ప్రొద్దుటూరులో సంతాపసభ పెట్టారు. నేను పశువుల డాక్టరుగా పనిచేస్తున్న పులివెందుల నుంచి బస్సులో వెళ్ళేసరికి సభ సగమైపోయింది. వేదిక మీద ఫొటో, ఫొటోకు చామంతి దండ. ఫొటోలో మేడం నవ్వుతున్నారు. కెమెరా ముందు ఆమె ఎప్పుడూ నవ్వరు కాబట్టి అది ఆమెకు తెలియకుండా తీసిందే అయివుండాలి.

ఒకప్పుడు ఆమెకు పైఅధికారిగా పనిచేసిన పెద్దాయన మైకు పట్టుకున్నాడు. "గొర్రెల మూతివాపు రోగానికి టీకా ఎంత బాగా పనిచేస్తుందో మందలో పెట్టి రుజువు చేసిన మనిషి ఆమె. ఆమె పేరు నిలబడటానికి ఆ ఒక్క పరిశోధన చాలు" అన్నాడు. ముందు వరసల్లో అందరూ తలలూపారు.

నాకు తల ఊపబుద్ధి కాలేదు. ఆ పరిశోధన తప్పు అని, దాన్ని ఎవరూ నమ్మవద్దని మేడమే స్వయంగా అచ్చులో ప్రకటించారు. ఆ సంగతి పెద్దాయనకు బాగా తెలుసు. చనిపోయిన మనిషి గురించి మంచే చెప్పాలని దాటవేశాడు. మేడం అక్కడ ఉండివుంటే కుర్చీలోంచి లేచి "అది కాదండి" అనేవారు. ఆమె తరఫున లేచే ధైర్యం నాకు లేకపోయింది గానీ, ఇంటికొచ్చాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

ఆమెది జమ్మలమడుగు. తాతల కాలం నుంచి మిషను బడిలో పాఠాలు చెప్పిన కుటుంబం. ఎక్కడెక్కడో చదివి, ఎక్కడెక్కడో పనిచేసి, చివరి ఏళ్ళలో పశువైద్యం చదివే పిల్లలకు పాఠాలు చెప్పడానికి ప్రొద్దుటూరు వచ్చారు. నేను ఆమె దగ్గర పీజీ చేశాను. పొట్టి మనిషి. కళ్ళజోడుకు నల్లదారం. మందల్లోకి పోయేటప్పుడు చీర కుచ్చెళ్ళు పైకి దోపి, మగవాళ్ళ గంబూట్లు వేసుకునేవారు. టీ తెప్పించుకుని చల్లారేదాకా ముట్టేవారు కాదు. చల్లారాక ఒక్క గుక్కలో తాగి "ఇది టీనా" అని తెచ్చినవాణ్ణి విసుక్కునేవారు.

మేడం జీవితమంతా ఒక్క రోగం మీదే పనిచేశారు. వానలు కురిసి మా నల్లరేగడి నేలలు బురదయినప్పుడు, కంటికి ఆననంత చిన్న దోమలు పుడతాయి. అవి కుట్టిన గొర్రెకు జ్వరం వస్తుంది, పెదవులు వాస్తాయి, నాలుక నీలంగా తిరుగుతుంది. మేత ముట్టక కుంటుతూ కుంటుతూ పడిపోతుంది. పుస్తకాల్లో దాన్ని నీలినాలుక అంటారు. మందల్లో మూతివాపు అంటారు. దానికి కారణమైన వైరస్ ఒకటి కాదు, చాలా రకాలు. ఒక రకానికి చేసిన టీకా ఇంకో రకాన్ని ఆపలేదు. ఏ పల్లెలో ఏ రకం తిరుగుతోందో పట్టుకోవడమే మేడం పని.

వైరస్‌ను పెంచాలంటే లోపల పిల్ల ఎదుగుతున్న కోడిగుడ్లు కావాలి. పొద్దున్నే ల్యాబులో చీకటి గదిలోకి వెళ్ళి, ఒక్కో గుడ్డునూ దీపం ముందు పట్టుకుని చూసేవారు మేడం. ఎర్రటి సన్నని నరాలు, నడుమ చిన్న కదలిక కనిపిస్తే పక్కన పెట్టేవారు. కదలిక ఆగిపోయిన గుడ్డు కనిపిస్తే ముందు "పాపం" అనేవారు. వెంటనే "దొరికింది" అనేవారు. వైరస్ పెరిగిందనడానికి ఆ చావే గుర్తు. ఒకసారి నాకు నవ్వొచ్చింది.

"నవ్వాకు పాపా. రెండు మాటలూ నిజమే. మొదటిది మరిచిపోయినోడు ఈ పని చెయ్యకూడదు" అన్నారు.

ఆమె వేటమాంసం ఇష్టంగా తినేవారు గానీ కోడిగుడ్డు ముట్టేవారు కాదు. హాస్టలు మెస్సులో ఎవరైనా వడ్డించబోతే చెయ్యి అడ్డంపెట్టి, "వద్దప్పా, వాళ్ళు నా దగ్గర ఉద్యోగం చేసినోళ్ళు" అనేవారు. అందరూ నవ్వితే ఆమె మాత్రం నవ్వేవారు కాదు.

దూరాల నుంచి కుర్ర పరిశోధకులు ఆమె కోసం వచ్చేవాళ్ళు. మా ప్రాంతపు వైరస్‌ను గుడ్లలో నిలబెట్టే పద్ధతి ఆమె దగ్గర నేర్చుకోవాలని వచ్చి, ముందు ఎవరిదో మందలో గొర్రె మెడ పట్టుకుని నిలబడేవాళ్ళు. అది కాకుండా ఆమె ల్యాబు తలుపు తీసేవారు కాదు.

ఇంత చెప్పాను గానీ, నాకు తెలిసిన మేడంను తయారుచేసింది ఆ పెద్దాయన మెచ్చుకున్న పరిశోధనే.

నేను ఇంకా బడిలో చదువుకునే రోజుల నాటి మాట అది. కొండాపురం వైపు పెన్న పక్కన ఒక పల్లె. ఇప్పుడా పల్లె గండికోట రిజర్వాయరు నీళ్ళ కింద ఉంది. అక్కడ ఓబులేసు అనే ఆయనకు పెద్ద మంద ఉండేది. అప్పుడే వచ్చిన కొత్త టీకా నిజంగా పనిచేస్తుందా అని మందలో పెట్టి చూడాలి. మేడం దాపరికం లేకుండా చెప్పారట: సగం గొర్రెలకు మందు, సగానికి ఉత్త ఉప్పునీళ్ళు. వానలకు రోగమొస్తే ఏవి బతుకుతాయో చూడాలి, నీకు నష్టం రావచ్చు అని. ఓబులేసు ఆలోచించి, "ఊరికే ఉంటే అన్నీ సస్తాయి. సగమన్నా దక్కుతాయి గదమ్మా" అని ఒప్పుకున్నాడట.

దొడ్డి తడిక దగ్గర నిలబడి ఓబులేసు ఒక్కో గొర్రెను బయటికి వదిలాడు. బయట మేడం సూది వేశారు. మొదటిదానికి మందు, దాని వెనక వచ్చినదానికి నీళ్ళు. మళ్ళీ మందు, మళ్ళీ నీళ్ళు. గొర్రెలు తమ ఇష్టానికి వస్తాయి కాబట్టి రెండు సగాల్లోనూ బలమైనవీ బక్కవీ సమానంగా కలుస్తాయని లెక్క. చెవులకు రంగు పూసి గుర్తు పెట్టారు.

వానలొచ్చాయి. రోగమొచ్చింది. నీళ్ళు ఎక్కించుకున్న గొర్రెలు చావడం మొదలుపెట్టాయి. మేడం ఆ పల్లెలోనే మకాం పెట్టారు. మొదటి కళేబరాలు పడినప్పుడే మిగిలినవాటికి మందు వేసివుంటే కొన్నయినా దక్కేవి. వేస్తే రుజువు మిగలదు. మేడం వెయ్యలేదు. ఓబులేసు భార్య నారాయణమ్మ దగ్గరికొచ్చి, "ఇంగా ఎన్ని సావాలమ్మా?" అని అడిగిందట.

ఈ మాట నాకు చెప్పినప్పుడు మేడం కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని ఉన్నారు. "ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబుండింది పాపా. ఎన్ని చస్తే లెక్కకు చాలునో ముందే వేసుకోనుంటి. చెప్పేదానికి నోరు రాలేదు" అన్నారు.

ఫలితం అద్భుతంగా వచ్చింది. మందు పడినవి దాదాపు అన్నీ నిలిచాయి. అది అచ్చయింది. ఆ తర్వాత టీకా గురించి రాసిన ప్రతివాళ్ళూ దాన్ని ఎత్తి చూపారు. మా జిల్లాలో మందలకు ఆ టీకా వేయడం మొదలైంది. మేడంకు పేరొచ్చింది.

అయినా ఏటా వానలు తగ్గుముఖం పట్టాక ఆమె ఓబులేసు దగ్గరికి వెళ్ళేవారు. ఒకసారి నన్నూ తీసుకుపోయారు. అప్పటికి ఊరు మునిగి వాళ్ళు పునరావాస కాలనీకి వచ్చారు. తిన్నటి వీధులు, ఒకేలాంటి ఇళ్ళు, మంద తోలడానికి మాత్రం చోటు లేదు. రెండిళ్ళ మధ్య సందులో కంప అడ్డం వేసి ఓబులేసు కాసిని గొర్రెలు పెట్టుకున్నాడు. నారాయణమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చి, మాటా పలుకూ లేకుండా గడప పక్కకు పోయి కూర్చుంది.

కాసేపు వానల గురించి, మేత గురించి మాట్లాడుకున్నారు. తర్వాత మేడం, ఆ మాట అనడానికే వచ్చినట్టు, "ఓబులేసన్నా, నీ జీవాలను నేనే పొట్టన పెట్టుకుంటి" అన్నారు.

ఓబులేసు తలగుడ్డ తీసి దులిపాడు. "ఏందిమ్మా నువ్వు, వచ్చినప్పుడల్లా ఇదే మాట. ఇంగ ఇడిసిపెట్టు. సచ్చినవి ఏమన్నా మంచియ్యా? పండ్లూడినవి, కుంటివి. ఆ యాడాది గాకుంటే మర్సటేడు పోయేటియే."

మేడం గ్లాసు కింద పెట్టారు. "అట్లాంటివే ఎట్ల చచ్చినాయన్నా?"

"అట్లాంటివే పొయ్యేటట్ల నేను సూసుకుంటి గదా. ఒకటి ఇడిసి ఒకటికి మందు ఏస్తాండావు. తడిక కాడ ఉండేది నేనే. మంచిదాని ఎనక ముసిల్దాన్ని తోల్తి. మంచిదానికి మందు, ముసిల్దానికి నీళ్ళు. మందు సగానికే అంటివి. మంచి జీవాన్ని ఎవురు పోగొట్టుకుంటారు చెప్పు? నువ్వు ఊరికే కుమిలిపోతాండావు."

గడప దగ్గర నుంచి నారాయణమ్మ మొదటిసారి నోరు విప్పింది. "నా బొల్లిది ముసిల్దా? దాన్ని గూడా నీళ్ళల్లోకే తోలె ఈ మనిషి. ఆ యమ్మ మీద గాదు నా కోపం."

"తొందర్లో పొరపాటు పడింటి" అన్నాడు ఓబులేసు.

మేడం ఓబులేసు వైపు తిరిగారు. "మొదటి నుంచి కడదాకా అట్లనే తోలినావా?" అని మెల్లగా అడిగారు. అంతా అట్లనే అన్నాడు ఆయన. మేడం లేచి, సందులో ఉన్న గొర్రెల పళ్ళు ఒకసారి చూసి, "మంచిపనే చేసినావులే అన్నా" అని బయల్దేరారు.

జీపు జమ్మలమడుగు చేరింది. ఊరు దాటేటప్పుడు అన్నారు: "బక్క జీవాలకు రోగమొస్తే చస్తాయి. బలమున్నవి నిలబడతాయి. అందులో మందు చేసిందెంత, బలం చేసిందెంత? ఎట్ల తెలుస్తాది?"

"తడిక దగ్గర జరిగింది ఎవరికి తెలుసు మేడం?" అన్నాను.

"ఓబులేసన్నకు తెలుసు. ఇప్పుడు నాకు తెలుసు." నా వైపు తిరిగి, "ఆయనకు మాత్రం చెప్పాకు. నా మనసులో బరువు దించినాననుకుంటాండాడు" అన్నారు.

మేడం ఆ పరిశోధన అచ్చువేసిన పత్రికకు రాసేశారు. గొర్రెలు సమానంగా పంచబడలేదని, తడిక దగ్గర తాను చూసుకోవలసింది చూసుకోలేదని, ఆ ఫలితాన్ని ఎవరూ ఆధారంగా తీసుకోవద్దని. గొర్రెలకాపరి పేరు గానీ ఊరు గానీ ఎక్కడా రానివ్వలేదు. తప్పంతా తన నిర్లక్ష్యమే అన్నట్టు రాశారు.

ఆ పెద్దాయన అప్పుడే ఫోను చేశాడు. నేను గదిలోనే ఉన్నాను. "రిటైరయ్యే ముందు అందరూ ఇల్లు కట్టుకుంటారు. మీరు కట్టిన ఇల్లు కూల్చుకుంటున్నారు" అన్నాడట. మేడం జవాబు మాత్రం నేను విన్నాను. "పునాది లేదని తెలిసినాక పిల్లోళ్ళను అందులో పండబెట్టలేను సార్."

ఆ పిల్లల్లో నేనూ ఒకదాన్ని. నా పీజీ పని ఆ లెక్కల మీదే నిలబడివుంది. అదంతా మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. కోపంతో కొన్నాళ్ళు ల్యాబుకు పోలేదు. ఒక సాయంత్రం మేడం హాస్టలుకు వచ్చారు, చేతిలో కారందోశ పొట్లం. "కోపంగా ఉన్నోళ్ళు తినకూడదని యాడా రాసిలేదు" అని మంచం మీద పెట్టి, తనూ కూర్చుని సగం తినేసి వెళ్ళిపోయారు. మర్నాడు నేను ల్యాబుకు పోయాను.

మళ్ళీ పరీక్ష పెట్టాం. ఈసారి తడిక దగ్గర మేడమే నిలబడ్డారు. ఏ గొర్రెకు ముందు మందు, ఏ గొర్రెకు తర్వాత అన్నది చీట్లు తీసి తేల్చారు. చావుల కోసం ఎదురుచూడలేదు. సూదికి ముందు నెత్తురు, తర్వాత నెత్తురు తీసి ల్యాబులో పరీక్షించి, గొర్రెకు రోగాన్ని ఎదిరించే శక్తి వచ్చిందో లేదో చూశాం. రోగాల కాలం రాకముందే మిగిలిన సగానికి కూడా మందు వేసేశాం.

టీకా పనిచేస్తుందనే తేలింది. మొదట చెప్పినంత కాదు. అదే ఏడాది పులివెందుల వైపు సూదులు పడిన మందల్లోనూ గొర్రెలు చచ్చాయి. అంతకుముందు అలాంటి కబురు వస్తే మేడం నమ్మేవారు కాదు. ఈసారి పరుగెత్తారు. చచ్చినవాటి నెత్తురు తెచ్చి గుడ్లలో పెంచితే, టీకాలో లేని వేరే రకం వైరస్ దొరికింది. ఆ రకం మా జిల్లాలో ఎప్పటి నుంచో ఉందని పాత నమూనాలు తీసి చూస్తే తెలిసింది. ఇప్పుడు నేను వేస్తున్న టీకాలో ఆ రకాన్ని కూడా కలిపారు. ఆమె పేరు నిలవాల్సింది దానికి. ఆ సంతాపసభలో ఆ మాట ఎవరూ అనలేదు.

కొత్త రకం దొరికిందని నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. మేడం మాత్రం పాత నమూనాల పెట్టె ముందు కూర్చుని ఉన్నారు. "మరి ఈ నడుమ ఏండ్లలో సూది వేయించుకుని గూడా పోగొట్టుకున్నోళ్ళకు నేనేం చెప్తి పాపా?" అన్నారు. నాకు వెంటనే రామాంజులు గుర్తొచ్చాడు. ఆమెకూ అతడే గుర్తొచ్చాడని ఆమె మొహం చూస్తే తెలిసింది.

నేను ఆమె దగ్గర చేరిన కొత్తలో పులివెందులలో గొర్రెల పెంపకందార్లకు మీటింగు పెట్టారు. వెనక వరసలోంచి ఒక మనిషి లేచి, "సూది ఏపిచ్చినా మా జీవాలు సచ్చినాయమ్మా" అన్నాడు. అతనే రామాంజులు. మందు ఎట్లా తెచ్చుకున్నావని మేడం అడిగారు. ఊరి నుంచి తానే వచ్చి, ఐసు వేసిన ఫ్లాస్కులో తీసుకుపోయానన్నాడు. మేడం మైకులో, "మందుది తప్పు కాదు. దోవలో ఐసు కరిగిపోయింటాది, నువ్వు చూసుకొనుండవు. చల్లదనం పోయిన మందుకూ నీళ్ళకూ తేడా లేదు" అన్నారు. ఎవరో నవ్వారు. అతను కూర్చున్నాడు.

కొత్త రకం దొరికాక అతని ఊరు వెతుక్కుంటూ పోయాం. పులివెందుల దాటి, చీనీ తోటల మధ్య చిన్న పల్లె. రామాంజులు గొర్రెలు వదిలేసి ఒక తోటలో కాపలా ఉంటున్నాడు. తోట గేటు దగ్గరే నిలబడి మేడం చెప్పారు. మందులో లేని రకం రోగం వచ్చిందని, ఐసు ఎంత బాగా పెట్టినా ఆ గొర్రెలు చచ్చేవేనని, మీటింగులో అందరి ముందూ అన్నమాట తప్పని.

అతను గేటు కమ్మీ పట్టుకుని విన్నాడు. "ఆ మీటింగులో మా నాయన గూడా ఉన్న్యాడమ్మా" అన్నాడు.

మేడం గేటుకు ఇంకో అడుగు దగ్గరగా జరిగారు.

"మంద ఆయనది. నా చేతికిచ్చినాడు. ఐసు గూడా సూసుకోలేనోనికి మంద ఇస్తినే అని ఆ పొద్దు నుంచి నాతో మాట్లాడడం ఇడిసిపెట్టినాడు. ఒకే ఇంట్లో ఉంటిమి. ఏమన్నా కావాలంటే మా యమ్మతో చెప్పిపిచ్చేటోడు. అట్లనే కన్ను మూసె." కమ్మీ వదిలి, "ఈ మాట అప్పుడు చెప్పింటే సరిపోతాండె" అన్నాడు.

"అప్పుడు నాకు తెలియదప్పా" అన్నారు మేడం. తర్వాత తనే, "తెలుసుకోకుండా చెప్తి" అన్నారు.

అతను కోపంగా లేడు. అది ఇంకా కష్టంగా అనిపించింది. "మా యమ్మ ఉండాది. ఆమెతో ఒకమాట చెప్తావా?" అని అడిగాడు.

ఇల్లు పల్లె నడిబొడ్డున. వీధి వైపు అరుగు. ముసలావిడ అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. రామాంజులు "మా, ఆ పొద్దు మీటింగులో చెప్పిన డాక్టరమ్మ" అన్నాడు. ఆమె చెయ్యి చెవి వెనక పెట్టుకుంది. మేడం పక్కన కూర్చుని, "మీ కొడుకుది తప్పు లేదమ్మా" అన్నారు.

"ఏందీ?"

"రామాంజులుది తప్పు లేదు. మందుదే."

"బిగ్గరగా చెప్పమ్మా, నాకు యినపడదు."

మేడం గొంతు పెంచారు. మామూలుగా ఆమెది మెల్లటి గొంతు, తరగతిలో వెనక బెంచీలకు కూడా వినపడదు. "గొర్రెలు చచ్చింది మీవాని వల్ల కాదు. వాడు ఐసు బాగానే పెట్టినాడు. తప్పు నాది. నేను తెలుసుకోకుండా వాని మీద వేసినా." వీధిలో పోతున్నవాళ్ళు ఆగారు. పంపు దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఇటు తిరిగారు. ముసలావిడకు ఇంకా సరిగ్గా అందలేదు. మేడం మళ్ళీ చెప్పారు, ఇంకా గట్టిగా. మెడలో నరాలు ఉబ్బాయి.

ఈసారి వినపడింది. ముసలావిడ మేడం వైపు కాకుండా కొడుకు వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"మీ నాయనకు ఎవురు చెప్తార్రా ఇంగ?" అంది.

రామాంజులు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మేడం ముసలావిడ చెయ్యి పట్టుకోబోయి, ఎందుకో తన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. కాసేపటికి రామాంజులే లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చాడు. మేడం తాగారు. లేచి, "పోయొస్తామప్పా" అన్నారు. అతను తలూపాడు.

అరుగు దిగి చెప్పులు వేసుకుంటుంటే, ఎదురింటి పంచలోంచి ఒక నడివయసు మనిషి వచ్చి అడ్డంగా నిలబడ్డాడు. "ఏమ్మా, ఆ యాడాదే మావి గూడా పాయ. సూది ఏపిచ్చినా. ఈ రామాంజులు మాదిరే నేను గూడా ఐసు సరిగ్గా పెట్టలేదని అనుకుంటాండా ఇన్నాళ్ళూ." ఆయన వెనక ఇంకొకరు వచ్చారు. పంపు దగ్గర ఒకావిడ బిందె దించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఇటే నడిచింది.

మేడం నా వైపు ఒకసారి చూశారు. వేసుకున్న చెప్పులు విడిచి, మళ్ళీ అరుగెక్కి కూర్చున్నారు.

"ఇట్ల రాండప్పా, కూర్చోండి" అన్నారు. "ఒక్కొక్కరే చెప్పండి."